ఏ కట్టు తెగింది?

కోర్టు వార్తలు తెలుగులో రాసేవాళ్లకు ‘అబ్సల్యూట్‌’ అనే విశేషణం రోజూ తగులుతూనే ఉంటుంది. ‘సంపూర్ణ’ అని రాసి ముందుకు పోవచ్చు. నాకు మాత్రం అది చాలదనిపిస్తుంది. ఆ మాట పుట్టిన లాటిన్‌ క్రియకు అర్థం నింపడం కాదు, కట్టు విప్పడం. అందుకే అది కనిపించినప్పుడల్లా ఇక్కడ ఏ కట్టు తెగిందా అని చూస్తాను.

1956 నాటి హిందూ వారసత్వ చట్టాన్నే తీసుకోండి. 14వ సెక్షన్‌ శీర్షికలో స్త్రీ ఆస్తి ఆమెకు ‘అబ్సల్యూట్‌’ అని ఉంటుంది. లోపలి పాఠంలో ఆ మాటే లేదు. ఆమె పూర్తి యజమాని, పరిమిత యజమాని కాదు అని మాత్రమే ఉంటుంది. తెగిన కట్టు ఆ రెండో ముక్కలో ఉంది. అంతకుముందు భర్త నుంచి సంక్రమించిన భూమిని వితంతువు బతికున్నన్నాళ్లూ అనుభవించాలే తప్ప, తన ఇష్టానికి అమ్ముకోవడానికి లేదు. నెల్లూరు కోర్టులో మొదలైన తులసమ్మ కేసు అలాంటిదే. మనోవర్తి కింద 1949 రాజీలో ఆమెకు దక్కిన ఆస్తికి జీవితకాలపు షరతు ఉంది. ఆమె అందులో కొంత అమ్మేసరికి భర్త సవతి సోదరుడు దావా వేశాడు. ఆ షరతు ఇక నిలవదని, ఆస్తి పూర్తిగా ఆమెదేనని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది.

మన దస్తావేజు లేఖరులకు ఈ కిటుకు ఎప్పుడో తెలుసు. ‘దాన విక్రయాది సర్వహక్కులతో’ అని రాస్తారు. హక్కు ఎంత గొప్పదో చెప్పరు, దానితో ఏమేం చేయవచ్చో చెబుతారు.

పరిహారం కేసుల్లో తెగేది వేరే కట్టు. 1868 నాటి ఇంగ్లిష్‌ తీర్పు ఆధారంగా స్థిరపడిన ‘స్ట్రిక్ట్‌’ బాధ్యతలో ప్రమాదకర వస్తువును పెట్టుకున్నవాడే నష్టం భరించాలి. అయితే దైవికంగా జరిగిందనో, బయటివాడి పనేననో తప్పించుకునే సందులున్నాయి. 1985లో ఢిల్లీలో ఓలియం వాయువు లీకయ్యాక, మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఆ సందులన్నీ మూసి, దాన్ని ‘అబ్సల్యూట్‌’ బాధ్యత అంది. 2020 మే 7న విశాఖలో స్టైరిన్‌ ఆవిరి ప్రాణాలు తీసిన మర్నాడు, జాతీయ హరిత ట్రైబ్యునల్‌ ఉత్తర్వులో ‘స్ట్రిక్ట్‌’ అని రాగానే న్యాయనిపుణులు అభ్యంతరం చెప్పింది ఇందుకే. తెలుగులో రెంటికీ ‘కఠిన బాధ్యత’ అని రాస్తే ఆ గొడవ ఎందుకొచ్చిందో పాఠకుడికి అంతుపట్టదు. నేను రెండోదాన్ని ‘మినహాయింపుల్లేని బాధ్యత’ అంటాను. కాస్త పొడవే, కానీ విషయం తెలుస్తుంది.

ఎంత వెతికినా కట్టు దొరకని చోట్లూ ఉంటాయి. ప్రత్యర్థి ఆరోపణ ‘అబ్సల్యూట్‌’ అబద్ధమని నాయకుడు విలేకరుల ముందు అన్నాడనుకోండి. అక్కడ తెగిందేమీ లేదు, ఉన్నది ఉక్రోషమే. దానికి ‘సంపూర్ణ అసత్యం’ అని రాస్తే చప్పబడిపోతుంది. ‘పచ్చి అబద్ధం’ అంటే సరిపోతుంది.