కిన్నెర బుర్రకు తోడుగా

ఒట్టి తీగను రెండు మేకుల మధ్య బిగించి మీటితే పక్కనున్నవాడికి కూడా సరిగా వినిపించదు. తీగ సన్నం, అది కదిపే గాలి మరీ కొంచెం. తీగ వాద్యం చేసే ప్రతి మనిషికీ మొదట ఎదురయ్యే చిక్కు ఇదే. గిటారు చేసేవాళ్లు పలుచని చెక్కపెట్టెతో దీన్ని తీర్చుకున్నారు. పాలమూరు కిన్నెర కళాకారులు ఎండిన సొరకాయ బుర్రతో తీర్చుకున్నారు. నాకు బుర్ర పనితనమే ఎక్కువ ఇష్టం.

నాగర్‌కర్నూల్ జిల్లాలో తెలకపల్లి, లింగాల మండలాల వైపు కిన్నెర అంటే ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు. లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య 12 మెట్ల కిన్నెర మీద జానపద వీరుడు పండుగ సాయన్న కథ పాడి ఆ వాద్యాన్ని నిలబెట్టారు. 2021 సెప్టెంబరులో ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాట మొదట్లో ఆయన గొంతు విన్నాక మిగతా తెలుగువాళ్లూ కిన్నెర గురించి ఆరా తీశారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. వాద్యం వయసు మాత్రం చాలా ఎక్కువ. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో కిన్నరి వీణను వర్ణించాడు. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో కిన్నర బ్రహ్మయ్య కథే ఉంది.

కిన్నెరను చేతిలోకి తీసుకుని చూడాలి. వెదురు బొంగు, బుర్రలు, తేనె మైనం, తీగలు: దాదాపు అన్నీ ఊరి పొలిమేరలో దొరికేవే. సొరకాయను తీగ మీదే ముదరనిచ్చి, గింజలు లోపల గలగలమనేదాకా ఎండబెట్టి, గుజ్జంతా గీకేస్తే మిగిలే పెంకు తేలిక, గట్టి. బొంగు నుంచి వచ్చిన అదురు ఆ పెంకుకు, పెంకు నుంచి లోపలి గాలికి చేరుతుంది. బుర్ర కడుపు పెద్దదై నోరు చిన్నదైతే నాదం కిందికి దిగుతుంది, కడుపు చిన్నదైతే పైకి లేస్తుంది. కాయను ఎంచుకునే వేళకే వాద్యం గొంతు సగం ఖాయమైపోతుందన్నమాట. కొలబద్ద లేకుండా, వేలితో తట్టి విని ఈ ఎంపిక చేయగలగడం నా దృష్టిలో పెద్ద విద్య.

మెట్ల దగ్గర పనితనం ఇంకా సూక్ష్మం. తీగను ఆనించి నొక్కే మెట్టును మైనంలో కూర్చోబెడతారు. ఆ మైనాన్ని కాస్త వెచ్చచేస్తే మెట్టు వెంట్రుకవాసి జరుగుతుంది, చల్లారితే అక్కడే నిలుస్తుంది. అలా ఒక్కో మెట్టునూ పాడేవాడి గొంతుకు సరిపెట్టుకోవచ్చు. పైగా మైనం మెత్తన కనుక చిన్న చిన్న గరగరలను మింగేస్తుంది. అది కరగాలంటే 60 డిగ్రీలు దాటాలి కానీ, మెత్తబడడానికి పాలమూరు ఎండ చాలు. ఏప్రిల్‌లో కచేరీ ఉంటే వాద్యాన్ని నీడన ఉంచి, స్టేజీ ఎక్కేముందు శ్రుతి మళ్లీ చూసుకోవాలి.

ఇంత శ్రద్ధగా కట్టిన నాదాన్ని వెయ్యిమందికి వినిపించాల్సి వచ్చినప్పుడు ఊరి మైకుసెట్టుకు తగిలిస్తారు. దాని బూర మాటల కోసం చేసింది. బుర్రలోని కింది నాదాన్ని అది పలకనే పలకదు, తీగ చప్పుడొక్కటే మిగులుతుంది. ఎలక్ట్రిక్ గిటారు ఆంప్లిఫయరూ పనికిరాదు. సుమారు 5,000 హెర్ట్జ్ పైన దాని స్పీకర్ గొంతు పడిపోతుంది, మధ్య స్వరాలకు తన రంగు తాను పూస్తుంది. అకూస్టిక్ గిటారు ఆంప్లిఫయర్ ఉద్దేశమే వేరు. ఇచ్చింది ఇచ్చినట్టు పెద్దది చేయాలి, తనది ఏదీ కలపకూడదు. కిన్నెరకు కావలసింది సరిగ్గా అదే. చాలావాటిలో రెండు ఛానెళ్లు ఉంటాయి, ఒకటి వాద్యానికి, ఒకటి గొంతుకు. మీటేదీ పాడేదీ ఒక్కరే అయిన కిన్నెర కళాకారుడికి ఆ ఒక్క పెట్టె చాలు. 60 వాట్ల చిన్న పెట్టె అయినా ఊరి బడి హాలుకు బాగా సరిపోతుంది.

నాదాన్ని ఆ పెట్టెలోకి పంపడానికి బొంగు మీద అంటించే పియెజో పికప్ చవక, తేలిక. కాకపోతే దాన్ని ఎందులో గుచ్చుతున్నామన్నది ముఖ్యం. 15 నానోఫారడ్‌ల పికప్‌ను 10 కిలోఓమ్‌ల లైన్ ఇన్‌పుట్‌కు కలిపితే వెయ్యి హెర్ట్జ్ కిందున్నదంతా పల్చబడుతుంది. అంటే బుర్ర మాయమైనట్టే. అదే పికప్‌ను ఒక మెగాఓమ్ ఇన్‌పుట్‌కు ఇస్తే ఆ హద్దు పది హెర్ట్జ్ దగ్గరికి దిగుతుంది, నాదం మొత్తం నిలుస్తుంది. పికప్ బాగోలేదని పారేసేవాళ్లు ముందు ఈ సంగతి చూసుకోవాలి. మైకే పెట్టదలిస్తే బుర్ర నోటికి ఎదురుగా వద్దు, గుమ్మని మోగుతుంది. బుర్రకూ మెట్లకూ మధ్య, జానెడు దూరంలో, కాస్త పక్కకు తిప్పి పెట్టాలి. ఆ దూరాన్ని సగం చేస్తే వాద్యం దాదాపు 6 డెసిబెల్స్ ఎక్కువగా అందుతుంది, వాల్యూమ్ అంతగా పెంచే పనే ఉండదు.

బుర్ర ఎంత బాగా పలుకుతుందో అంత బాగా వింటుంది. స్పీకర్ నుంచి వచ్చిన మోతను లోపలి గాలి అందుకుని మళ్లీ పికప్‌కే పంపుతుంది. ఊళ వేయడం అక్కడ మొదలవుతుంది. బాస్ మొత్తం కోసేయడం అందరూ చేసే వైద్యం, కానీ దాంతో కిన్నెరతనం పోతుంది. పెట్టెను కళాకారుడి వెనక కాకుండా ముందు పక్కకు, మూలకు దూరంగా, స్టూలు మీద పెట్టండి. ఫేజ్ మీట ఉంటే ఒకసారి మార్చి వినండి. వాల్యూమ్ మెల్లగా పెంచుతూ పోతే ఒక స్వరం దగ్గర గుమ్మనడం మొదలవుతుంది. నాచ్ మీటను తిప్పి ఆ ఒక్క స్వరాన్నే తగ్గించండి, మిగతా కింది నాదాన్ని ముట్టుకోవద్దు. రివర్బ్ జోలికి పోకపోవడం మేలు, కథలో మాట మసకబారుతుంది.

నారాయణపేట వైపు బుర్రవీణకూ ఇదే పద్ధతి నడుస్తుంది. ఆ వాద్యానికే జీవితం ఇచ్చిన దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ ప్రకటించారు. ఏ వాద్యమైనా ముందు ఆంప్లిఫయర్ ఆపేసి, రెండు గజాల దూరంలో కూర్చుని వినాలి. ఆ నాదం చెవిలో ఉండగానే స్విచ్ వేసి, అదే వినిపించేదాకా మీటలు తిప్పాలి. గొంతు ఛానెల్ చివర్లో పెంచాలి, అదీ కిన్నెర మునిగిపోనంత వరకే.