చూచి సాగిపోయిన పత్రికలు: ఒక విమర్శ

రెండవ ప్రపంచ యుద్ధ కాలములో హోలోకాస్టు సంగతి పత్రికలకు తెలియదు గనుకనే లోకము మౌనముగా ఉన్నదని అనుకొనుట సులభము. లారెల్ లెఫ్ 2005లో వెలువరించిన ‘బరీడ్ బై ది టైమ్స్’ ఈ మాట నిలువదని చూపుచున్నది. 1939-45 మధ్య న్యూయార్క్ టైమ్స్ ఐరోపా యూదుల స్థితిని గూర్చి 1,186 వార్తలు ప్రచురించినది. మొదటి పుటకు ఎక్కినవి 26 మాత్రమే. వార్త ఉన్నది, దానికి తగిన స్థానము లేదు.

ఈ లెక్కను మేము గౌరవించుచున్నాము. అయితే కారణములను వివరించుటలో ఒక కొరత ఉన్నది. యూదత్వము మతమే గాని జాతి కాదన్న పత్రికాధిపతి సల్జ్‌బర్గర్ అభిప్రాయముపై గ్రంథకర్త్రి ఎక్కువ భారము మోపినారు. అటువంటి యజమాని లేని లండను డైలీ టెలిగ్రాఫ్ సహితము పోలండులో 7,00,000 మంది యూదులు చంపబడిరన్న వార్తను 1942 జూన్ 25న ఐదవ పుటలోనే వేసినది. మొదటి ప్రపంచ యుద్ధములో వ్యాపించిన కల్పిత దారుణ కథల వలన సంపాదకులలోను పాఠకులలోను అపనమ్మకము పాతుకొనియుండెను.

ఇది మనకు దూరపు సంగతి కాదు. ఆ యుద్ధకాలములోనే, 1940లో, నాటి ఆదిలాబాద్ జిల్లా జోడేఘాట్‌లో కొమురం భీం నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగినాడు. అటుపిమ్మట గోండుల మధ్య పనిచేసిన హైమెండార్ఫ్ వియన్నాలో పుట్టినవాడు, జర్మను పాస్‌పోర్టు వలన బ్రిటిషువారికి శత్రుదేశీయుడు. ఆయన గూడెములలో ఉండి విన్నందున గోండుల భూమి గోడు 1945 నాటి ‘ట్రైబల్ హైదరాబాద్’లో నమోదైనది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసులు గోండులపై కాల్పులు జరిపిరి. ప్రభుత్వ లెక్క 13 మంది. పౌరహక్కుల సంఘాలవారు 60కి పైగా అన్నారు. ఇంద్రవెల్లిని హోలోకాస్టుతో సమానము చేయుట మా ఉద్దేశము కాదు. పోలిక మరణములలో లేదు, చూచువారి తీరులో ఉన్నది.

మంచి సమరయుని ఉపమానములో యాజకునికి గాని లేవీయునికి గాని సమాచారము కొరవడలేదు; ఇద్దరును గాయపడినవానిని చూచిరి. లెఫ్ వార్త పడిన పుటను కొలిచినారు. సువార్త అయితే చదివినవాని కాళ్లు ఎటు నడిచినవో కొలుచును. ఈ రెండవ కొలత గ్రంథములో లేదు.

కావున కరీంనగర్, ఆదిలాబాద్ సంఘములలో సేవ చేయు మన విద్యార్థులు ఈ గ్రంథమును చదివి అంతటితో ఆగరాదు. గూడెములలోని పెద్దల యొద్ద కూర్చుండి ఇంద్రవెల్లి మృతుల పేర్లు విని వ్రాసికొనవలెను. దేవుడు కయీనును అడిగినది ఎందరు చనిపోయిరని కాదు, నీ తమ్ముడు ఎక్కడ అని.