తన్నా తీరమున రెండు సమాధులు: జాన్ జి. పేటన్ ఆత్మకథలోని తొలి అధ్యాయాలపై ఒక పరిశీలన

మిషనెరీ ఆదివారమున మన ప్రసంగ పీఠాలనుండి వినబడే పేర్లలో జాన్ జి. పేటన్ పేరు ఒకటి. నరమాంస భక్షకులు నిన్ను తినివేస్తారని హెచ్చరించిన వృద్ధునికి, సమాధిలో నిన్ను పురుగులు తినబోవుచున్నవి గదా అని ఆయన ఇచ్చిన జవాబు మనలో అనేకులకు కంఠస్థమే. మేమును ఈ ఉదాహరణను వాడినవారమే. అయితే ఆ జవాబు ఓడ ఎక్కకముందు చెప్పినది. ఓడ దిగిన తరువాత ఆయన ఏమి వ్రాశారో మన ప్రసంగాలలో అరుదుగా వినబడుతుంది. ఆ తొలి దినాల వృత్తాంతమును ఆయన ఆత్మకథ ఆధారముగా పరిశీలించుటే ఈ వ్యాసము ఉద్దేశము.

ముందుగా సంగతులు. స్కాట్లాండ్‌లో 1824లో జన్మించిన పేటన్, గ్లాస్గో పట్టణపు పేటలలో పదేండ్లు సేవచేసి, 1858 మార్చిలో రిఫార్మ్‌డ్ ప్రెస్బిటేరియన్ సంఘములో అభిషేకము పొందారు. ఏప్రిల్‌లో మేరీ ఆన్ రాబ్సన్‌ను వివాహమాడి, అదే నెలలో దక్షిణ పసిఫిక్‌లోని న్యూ హెబ్రిడీస్ దీవులకు బయలుదేరారు. 1980లో స్వాతంత్ర్యము పొందిన వనువాటు దేశము ఇదే. 1858 నవంబరు 5న వారు తన్నా దీవిలోని పోర్ట్ రిజల్యూషన్ రేవులో దిగారు. 1859 ఫిబ్రవరి 12న కుమారుడు పుట్టాడు. మార్చి 3న మేరీ చనిపోయింది. మార్చి 20న పసివాడును చనిపోయాడు. పేటన్ తన చేతులతోనే సమాధి త్రవ్వి వారిని పాతిపెట్టారు. దీవిపై అడుగుపెట్టి అప్పటికి ఐదు నెలలు కూడ నిండలేదు.

ఈ గ్రంథము మొదటి భాగము పేటన్ సోదరుడు జేమ్స్ సంపాదకత్వమున 1889లో వెలువడింది. అనగా ఈ సంఘటనలకును వాటి ప్రచురణకును మధ్య ముప్పది సంవత్సరాల ఎడమున్నది. ఫలితము తెలిసినవాడు ఆరంభమును చెప్పునప్పుడు దానిని సవరించుట సులభము. పేటన్ అలా చేయలేదు. తన్నా ప్రజలను మొదట చూచినప్పుడు తనకు కలిగినది జాలితోబాటు తీవ్రమైన నిరుత్సాహమనియు, ప్రియమైన గ్లాస్గో సేవను విడిచి వచ్చుట సరియేనా అన్న ప్రశ్న తనలో లేచెననియు ఒప్పుకొన్నారు. ఈ గ్రంథములో మాకు అత్యంత విలువైనది ఈ ఒప్పుకోలే. పిలుపు నిశ్చయమైనవానికి సందేహము కలుగదని తలంచే విద్యార్థులు ఈ పుటలను తప్పక చదువవలెను.

రెండవది, ఇంటి స్థలము. సముద్రతీరమున పల్లపు నేలలో కట్టిన ఇల్లు జ్వరాలకు నిలయమైనది. ఎత్తయిన చోట నిద్రించుమని ఆ దీవి పెద్ద ఒకడు తరువాత చెప్పగా పేటన్ విన్నారు. దోమకును మలేరియాకును గల సంబంధమును రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులో కనుగొన్నది 1897లో. కాబట్టి 1858లో వారికి కారణము తెలియదని నిందించలేము. కాని ఎక్కడ పడుకొనవలెనో స్థానికులకు తెలుసు. బోధింపవచ్చినవాడు ముందు అడిగి నేర్చుకొనవలసిన సంగతులున్నవి. మరణమును దేవుని చిత్తమని అంగీకరించుట విశ్వాసమే. అయితే ఆ మాట మన అజాగ్రత్తను కప్పే దుప్పటి కారాదు.

మూడవది, సమాధిని గూర్చిన ఆయన వేదాంతము. భార్యాబిడ్డలను పాతిపెట్టిన ఆ చోటనుండి తన్నా నేలను దేవునికొరకు స్వంతము చేసికొంటినని ఆయన భావము. ఆయన మాటలలో ఆదికాండము 23వ అధ్యాయము స్పష్టముగా ధ్వనిస్తుంది. ఆ దుఃఖమును మేము తేలిక చేయము. యేసు సహవాసమే లేకపోతే ఆ సమాధియొద్ద మతిచెడి చనిపోయియుందునని వ్రాసినవాని యెదుట విమర్శకుడు చెప్పులు విడిచి నిలువవలెను. అయినను వాక్యభాగమును గమనించండి. అబ్రాహాము హేతు కుమారుల యెదుట సాగిలపడి, తాను పరదేశినని ఒప్పుకొని, నాలుగువందల తులముల వెండి తూచి ఇచ్చి, సమాధికి కావలసిన పొలము మాత్రమే కొన్నాడు. దేశమంతటిని తనదని ఆ దినమున చెప్పలేదు. పేటన్ కూడ మిషను ఇంటికి స్థలము కొన్నవారే. కాని ఆయన వాక్యములో పరదేశి వినయముకంటె స్వాధీనపరచుకొనువాని స్వరము హెచ్చుగా వినబడుతుంది. అది ఆ యుగపు స్వరము. మనము దానిని వాక్యమని పొరబడరాదు.

నాలుగవది, ఆయనతో నిలిచినవారు. పేటన్‌కు ముందే, 1839లో, సమోవానుండి వచ్చిన బోధకులు తన్నాలో దిగారు. జాన్ గెడ్డీ సేవవలన పొరుగు దీవియైన అనేత్యుమ్‌లో విశ్వసించినవారు పేటన్‌కు తోడై వచ్చారు. వారిలో నమూరి అను బోధకుడు తన్నాలోనే హతుడాయెను. అబ్రాహాము అను మరియొకడు, పేటన్ జ్వరముతో కొండ ఎక్కలేక పడిపోయినప్పుడు తన భార్యతో కలిసి ఆయనను బ్రదికించాడు. పేటన్ వారిని దాచలేదు, ప్రేమతోనే స్మరించారు. మరచినది మనమే. మన ప్రసంగాలలో తెల్ల మిషనెరీ ఒంటరిగా నిలుస్తాడు. గ్రంథములో ఆయన ఒంటరి కాడు. మన గ్రామాలలో బైబిలు స్త్రీలు, ఉపదేశులు చేసిన పనికి పేరు దక్కని చరిత్ర మనకు తెలుసు గనుక, ఈ లోపమును ముందుగా గుర్తించవలసినవారము మనమే.

చివరగా, తన్నా ప్రజల మాట. 1861లో వ్యాపారుల ఓడల ద్వారా వచ్చిన తట్టు అనేకులను బలిగొన్నప్పుడు వారు మిషనెరీలపై కోపగించారు. దీనిని మూఢత్వమని కొట్టివేయుట సులభము. కాని రోగము పరదేశుల ఓడలలోనే వచ్చినది; ఆ వ్యాపారుల దుష్టత్వమును పేటనే ఖండించారు. ఎవరు తెచ్చారన్న విషయములో వారు పొరబడిరేగాని, ఎక్కడనుండి వచ్చెనన్న విషయములో కాదు. మనతోబాటు ఏమేమి దిగుచున్నదో మన శ్రోతలు మనకంటె ముందే చూస్తారు.

1862 ఆరంభములో పేటన్ తన్నాను విడిచి ప్రాణాలతో తప్పించుకొన్నారు. 1866నుండి అనివా దీవిలో ఆయన సేవ ఫలించినది. తన్నాలోని లెనాకెల్‌లో 1896లో ఆయన కుమారుడు ఫ్రాంక్ సేవ ఆరంభించెను. అందువలన తొలి దినాలను ఓటమియని గాని, విజయానికి మెట్టు మాత్రమేనని గాని చెప్పుట సరికాదు. మారుమూల గ్రామానికి మొదటిసారి పంపబడే యౌవన సేవకునికి ఈ అధ్యాయాలను చేతికివ్వండి. అయితే ఓడ ఎక్కకముందు చెప్పిన జవాబుతో ఆపక, సమాధివరకు చదివించండి.