క్రోన్‌బోర్గ్: సుంకం కోట, నాటకం కోట

కొన్ని పట్టణాలు తమ చరిత్ర కంటే తమను గురించి ఇతరులు చెప్పిన కథ వల్లనే లోకప్రసిద్ధి పొందుతాయి. డెన్మార్క్ దేశపు తీరపట్టణం హెల్సింగోర్ ఇందుకు ఉదాహరణ. ఆంగ్ల సాహిత్యంతో పరిచయమున్నవారికి అది ఎల్సినోర్, రాకుమారుడు హామ్లెట్ సంచరించిన చోటు. పట్టణం అంచున, సముద్రంలోకి చొచ్చుకొనిపోయిన నేలపై ఉన్న క్రోన్‌బోర్గ్ రాజప్రాసాదానికి వచ్చే యాత్రికులలో అనేకులు ఆ నాటకాన్ని వెతుక్కుంటూ వస్తారు. కాని ఆ కోటను నిలబెట్టింది నాటకం కాదు, సుంకం. ఈ రెండింటిలో దేనిని ముందుంచి కోటను పరిచయం చేయాలన్నది చారిత్రక కట్టడాలను కాపాడే ప్రతి ప్రభుత్వమూ ఆలోచించవలసిన విషయం.

హెల్సింగోర్ వద్ద ఓరెసండ్ జలసంధి వెడల్పు సుమారు 4 కిలోమీటర్లు. ఆవలి తీరం నేడు స్వీడన్‌కు చెందినదైనా, 1658 వరకు డెన్మార్క్ ఏలుబడిలోనిదే. బాల్టిక్ తీరాల ధాన్యం, కలప, తారు పశ్చిమ ఐరోపాకు, అక్కడి ఉప్పు, వస్త్రాలు, ద్రాక్షసారా బాల్టిక్ తీరాలకు చేరడానికి ఇదే ప్రధాన మార్గం. 1426లో ఎరిక్ రాజు హెల్సింగోర్‌కు వర్తకపట్టణపు హక్కులు ప్రసాదించాడు. 1429 ప్రాంతంలో దాటిపోయే ఓడలపై సుంకం విధించి, క్రోగెన్ అనే దుర్గాన్ని కట్టించాడు.

1567లో రెండవ ఫ్రెడరిక్ రాజు ఓడకు ఇంత అనే పద్ధతికి బదులు, సరకు విలువను బట్టి సుంకం లెక్కించే పద్ధతి ప్రవేశపెట్టాడు. విలువను ఓడ యజమానియే చెప్పవలెను. అయితే చెప్పిన ధరకు ఆ సరకును కొనే హక్కు రాజుకు ఉంటుంది. తక్కువ చెబితే సరకు చేజారవచ్చు, ఎక్కువ చెబితే సుంకం పెరుగుతుంది. సుదీర్ఘమైన తనిఖీ లేకుండానే వర్తకుని చేత నిజం పలికించిన ఏర్పాటు ఇది. పన్నుల పాలనలో అనుభవమున్న పాఠకులకు దీనిలోని నేర్పు వివరించనక్కరలేదు.

పాత దుర్గం స్థానంలో 1574–1585 మధ్య వెలసిన రాగికప్పుల ప్రాసాదం ఈ ఆదాయపు ఫలమే. 1577లో రాజు దానికి క్రోన్‌బోర్గ్ అని పేరు పెట్టాడు. 62 మీటర్ల పొడవైన నాట్యశాలకు డెన్మార్క్ రాజుల వంశావళిని చిత్రించిన 40 చిత్రయవనికలను హాన్స్ క్నీపర్ ఆధ్వర్యంలో నేయించారు. నేడు వాటిలో మిగిలినవి కొన్నే. బయట ఫిరంగులు, లోపల పూర్వరాజుల చిత్రాలు. ఓడలను ఆపే అధికారం తమకు తరతరాలుగా వచ్చినదని చాటడమే ఈ అలంకరణలోని ఆంతర్యం.

ఇక నాటకం సంగతి. సుమారు 1200లో సాక్సో గ్రమాటికస్ లాటిన్‌లో రచించిన గ్రంథంలోని ఆమ్లెత్ కథ జట్లండ్‌కు సంబంధించినది. దానికి హెల్సింగోర్‌తో ఏ సంబంధమూ లేదు. షేక్‌స్పియర్ ఈ పట్టణానికి వచ్చినట్లు ఆధారాలు కానరావు. నాటకంలో సముద్రంపైకి వంగిన ఎత్తయిన కొండచరియ ఉంటుంది, క్రోన్‌బోర్గ్ నిలిచినది చదునైన నేలపై. అయితే 1586లో విల్ కెంప్ మొదలైన ఆంగ్ల నటులు ఇక్కడి ఆస్థానంలో ప్రదర్శనలిచ్చారు. వారిలో కొందరు తరువాత షేక్‌స్పియర్ సహనటులయ్యారు. ఆయనకు కోట విశేషాలు వారి మాటల ద్వారా అంది ఉండవచ్చునన్న ఊహ అసంగతం కాదు.

ఈ దోషాలను ఎత్తిచూపి నాటకాన్ని పక్కకు నెట్టడం సులభమే గాని, అది సరియైన విమర్శ కాజాలదు. హామ్లెట్ ప్రారంభమయ్యేది సింహాసనం ముందు కాదు. చీకటిలో కోటగోడపై, ఎవరు వారని కావలివాడు అడిగే ప్రశ్నతో. రాజు మధువు సేవించినప్పుడు ఫిరంగులు మ్రోగుతాయి. నాలుగు శతాబ్దాల పాటు క్రోన్‌బోర్గ్ వద్ద ప్రతి ఓడా ఎదుర్కొన్నది ఆ ప్రశ్ననే: ఎవరు నీవు, ఎచటి నుంచి, ఏమి తెచ్చితివి? భూగోళంలో పొరబడిన నాటకకర్త ఆ స్థలం స్వభావాన్ని మాత్రం సరిగానే పట్టుకొన్నాడు.

ఈ కోట చరిత్రకు తెలుగువారి చరిత్రతో ఒక స్పర్శ ఉన్నది. 1629 అగ్నిప్రమాదంలో ప్రాసాదం చాలావరకు దగ్ధం కాగా, సుంకాన్నే పెంచి దానిని పునర్నిర్మించినవాడు నాలుగవ క్రిస్టియన్. అంతకు పూర్వం ఆయన పంపిన ఓవ్ గెడ్డే, 1620లో తంజావూరు రఘునాథ నాయకునితో ఒడంబడిక చేసుకొని తరంగంబాడిలో డాన్స్‌బోర్గ్ కోటకు పునాది వేశాడు. ఓరెసండ్‌లో పరదేశీయుల నుంచి సుంకం గ్రహించే రాజు తరఫున, తెలుగులో వాల్మీకి చరిత్రం రచించిన ప్రభువుకు ఏటేటా కౌలు చెల్లించవలసి వచ్చింది. సముద్రతీరాన కోట కట్టినంత మాత్రాన అధికారం ఒకే తీరుగా ఉండదని ఈ జంట ఉదాహరణ చెబుతుంది. 1845లో తరంగంబాడి ఆంగ్లేయుల పరమైంది. 1857 కోపెన్‌హేగన్ ఒప్పందంతో, నష్టపరిహారం తీసుకొని డెన్మార్క్ ఓరెసండ్ సుంకాన్నీ వదులుకొన్నది.

1785 నుంచి 1922 వరకు క్రోన్‌బోర్గ్ సైనిక నివాసం. 1816లో, షేక్‌స్పియర్ ద్విశత వర్ధంతి సంవత్సరంలో, అక్కడి సైనికులే హామ్లెట్‌ను ప్రదర్శించారు. 1937లో లారెన్స్ ఒలీవియర్ బృందం వచ్చింది. ఆ ప్రదర్శనల పరంపర పట్టణానికి కొత్త జీవనాధారమైంది. 2000లో యునెస్కో ఈ కోటను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు పరిగణించినది దాని వాస్తు వైభవాన్ని, ఉత్తర ఐరోపా చరిత్రలో దాని పాత్రను. 2013లో ప్రారంభమైన నౌకావాణిజ్య ప్రదర్శనశాలను, కోట దృశ్యానికి అడ్డు రాకుండా, పాత ఓడల మరమ్మతు గుంట చుట్టూ భూగర్భంలో నిర్మించిన తీరు ప్రశంసనీయం.

అయినా ఆ పట్టణపు అత్యున్నత వారసత్వం కోటలో గాని రంగస్థలంపై గాని లేదు. కోపెన్‌హేగన్ జాతీయ అభిలేఖాగారంలోని సుంకపు దస్తావేజుల్లో ఉన్నది. 1497 నుంచి 1857 వరకు, మధ్యలో కొన్ని లోపాలతో, సుమారు 18 లక్షల ఓడప్రయాణాలు అందులో నమోదయ్యాయి. తేదీ, ఓడ నాయకుని పేరు, స్వస్థలం, సరకు, చెల్లించిన మొత్తం వంటి వివరాలనే ఆ గుమాస్తాలు రాశారు. కీర్తి ఆశించకుండా రాసిన ఆ పంక్తులే నేడు ఐరోపా వాణిజ్యచరిత్రకు మూలాధారం. 2007లో అవి యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో స్థానం పొందాయి.

వాస్తవంలో లేని ఒక రాకుమారుని పేరు యాత్రికులందరికీ తెలుసు. వాస్తవంగా ఆ తీరాన ఆగి సుంకం చెల్లించిన లక్షల నావికుల పేర్లు పరిశోధకులకు మాత్రమే తెలుసు. క్రోన్‌బోర్గ్‌ను చూపించేవారు మొదటివాని చేయి పట్టుకొని యాత్రికుని లోపలికి రప్పించవచ్చు. కాని అతడు బయటకు వచ్చేలోగా రెండవవారిని పరిచయం చేయనిచో, ఆ ఆతిథ్యం సగమే అవుతుంది.