అర్దళపు తళుకు: చిందు వేషంలో రంగుల ఎంపిక

నిజామాబాద్ జిల్లాలో, ముఖ్యంగా బోధన్, ఆర్మూర్ ప్రాంతాల పల్లెల్లో తరతరాలుగా ఆడుతూ వచ్చిన చిందు భాగవతం, అంటే మాదిగల ఆశ్రిత కులమైన చిందువారి వీధి యక్షగానం, ముఖానికి రంగు వేయడాన్ని వేషంలో సగపాలుగా ఎంచిన కళ. రాత్రంతా సాగే ఈ ఆటకు ఒకప్పుడు ఆముదపు దివిటీలు, ఆ తర్వాత పెట్రోమాక్స్ దీపాలు వెలుగునిచ్చేవి కాబట్టి, కదిలే మంట ఎదుట, దూరాన కూర్చున్నవారి కంటికి నిలిచే రంగునే కళాకారులు ఎంచుకోవలసి వచ్చింది.

ఆ రంగుల్లో ప్రధానమైనది అర్దళం. హరితాళమనీ పిలిచే ఈ పసుపుపచ్చని ఖనిజం ఆర్సెనిక్, గంధకాల కలయిక. ఇది అభ్రకంలాగే పొరలుపొరలుగా విడిపోతుంది, విడిన ప్రతి పొర మీదా ముత్యపు మెరుపు ఉంటుంది. వెలుగు ఆ సన్నని రేకుల మీద పడి తిరిగి కంటికి చేరడం వల్లనే ముఖం బంగారు ఛాయతో కనిపిస్తుంది. మరీ మెత్తగా నూరితే రేకులు చితికి, పసుపు మిగిలినా తళుకు తగ్గుతుంది. నేటి ఐషాడో పాలెట్‌లోని జిలుగు వెనుకనున్నదీ ఇదే సూత్రం: కాకిబంగారమని తెలుగువారు పిలిచే అభ్రకపు రేకులకు టైటానియం డయాక్సైడ్ పలుచని పూత పూస్తే, ఆ పూత మందాన్ని బట్టి వెండి, బంగారు, గులాబీ ఛాయలు పుడతాయి. పెద్ద రేకులు చుక్కలుగా మిలమిలలాడితే, చిన్నవి పట్టువస్త్రపు నిగారింపునిస్తాయి.

అయితే తళుకు ఒక్కటే వేషాన్ని నిలపదు. పసుపు, తెలుపు, ఎరుపు, కాటుక నలుపు అనే కొద్దిపాటి రంగులతోనే రాజు, రాణి, రాక్షసుడు ముగ్గురూ సిద్ధమయ్యారంటే, ఆ ఘనత మెరుపు పక్కన నీడను ఉంచిన చేతిది. బోధన్ దగ్గరి అమ్దాపూర్‌లో నివసించి, 2005లో కన్నుమూసిన చిందుల ఎల్లమ్మ స్త్రీ పాత్రలనూ పురుష పాత్రలనూ ఒకే పట్టుతో పోషించిన మహాకళాకారిణి. అలాంటి కళలో కాటుక గీత మందం, కనుబొమ మలుపు మారితే చాలు, అదే ముఖం వేరొక పాత్రవుతుంది. కనుక పాలెట్ కొనేవారు అన్నీ మెరిసే ఛాయలనే కోరుకోవడం పొరపాటు. మెరుపు లేని ముదురు గోధుమరంగు ఒకటి, చర్మపు ఛాయకు దగ్గరిది ఒకటి, రాగి లేదా బంగారు తళుకు ఒకటి ఉంటే బతుకమ్మ సాయంత్రానికీ, పెళ్లి పందిరికీ, కొలువుకూ అదే పెట్టె సరిపోతుంది. చామనఛాయకు రాగి, కంచు వన్నెలు ఒదిగిపోతాయి. తెల్లని వెండి జిలుగు బూడిద పూసినట్టు తేలిపోవచ్చు. ముదురురంగును రెప్ప మడతలో అద్ది, తళుకును రెప్ప నడుమ వేలికొసతో, రుద్దకుండా, ఒత్తాలి. ఉబ్బెత్తు భాగమే ముందుగా వెలుగును అందుకుంటుంది.

అర్దళాన్ని మాత్రం నేడు ఎవరూ ముఖానికి, అందునా కంటికి, వాడరాదు, అది విషపదార్థం. పాతకాలపు సీసపు తెలుపుకు బదులు జింకు తెలుపు వాడవచ్చు. చేతిపనుల కోసం అమ్మే మెరుపు పొడి కంటికి పనికిరాదు, దాని అంచులు కంటిపొరను గీరగలవు. కొనేముందు రంగును మణికట్టు లోపలివైపు రాసి, దుకాణపు తెల్లని దీపం కింద గాక, దాన్ని ధరించబోయే వెలుతురులో చేతిని అటూఇటూ తిప్పి చూడాలి.