పేరు ఎక్కడ నిలవాలి? – ఎన్యూమరేటెడ్ టైపుల వాక్యనిర్మాణం: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: ప్రోగ్రామింగ్ భాషల్లో ఎన్యూమరేటెడ్ టైపు రూపకల్పనను సాధారణంగా కుండలీకరణాలు, కామాలు, కీవర్డుల ఎంపికగా చర్చిస్తారు. అసలు సమస్య ప్రకటనలో కాక ప్రయోగంలో ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పెద్ద అక్షరం, చిన్న అక్షరం అనే భేదం లేని తెలుగు వంటి లిపులకు ఆ సమస్య ఏ రూపంలో ఎదురవుతుందో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఎన్యూమరేటెడ్ టైపు, సింటాక్స్, పాస్కల్, సి, ఒబెరాన్, స్విఫ్ట్, లిపి.

1. విషయ ప్రవేశం

తెలుగు వ్యాకరణంలో క, చ, ట, త, ప అనే ఐదు వర్ణాలను పేర్కొని వాటికి పరుషాలని సంజ్ఞ చేశారు. లక్షణం చెప్పి వర్గాన్ని నిర్వచించే పద్ధతి కాదిది, సభ్యులను వరుసగా లెక్కపెట్టి చెప్పే పద్ధతి. ఎన్యూమరేటెడ్ టైపు చేసే పని కూడా ఇదే. వారంలోని రోజులు, ట్రాఫిక్ దీపపు రంగులు, దరఖాస్తు దాటే దశలు వంటి పరిమితమైన విలువలకు ఒకటి, రెండు, మూడు అని అంకెలు వాడకుండా పేర్లు పెట్టి, ఆ పేర్ల జాబితానే ఒక టైపుగా ప్రకటిస్తారు.

నిక్లాస్ విర్త్ 1970లో వెలువరించిన పాస్కల్ భాష ఈ భావనకు చక్కని రూపం ఇచ్చింది. టైపు పేరు, సమాన చిహ్నం, కుండలీకరణాల్లో కామాలతో విడదీసిన పేర్లు: రంగు = (ఎరుపు, పచ్చ, నీలం). ఈ పొదుపును తరువాతి భాషలు పెద్దగా మించలేదు. కానీ ప్రకటనను ఒక్కసారే రాస్తారు. అందులోని పేరును వందల చోట్ల ప్రయోగిస్తారు, వేల సార్లు చదువుతారు. కాబట్టి ఒక భాష ఎన్యూమరేటెడ్ టైపును ఎంత బాగా రూపొందించిందో తేల్చవలసింది ప్రయోగస్థలంలోనే.

2. ఇల్లు విడిచిన పేర్లు

పాస్కల్‌లో ఎరుపు అనే పేరు రంగు అనే టైపు లోపల ఉండదు. ప్రకటన ఉన్న పరిధి మొత్తానికీ అది సాధారణ నామమవుతుంది. అందువల్ల అదే పరిధిలో ట్రాఫిక్ దీపానికి మరో ఎరుపు ఉండటానికి వీల్లేదు. సి భాష ఈ లోపాన్ని విచిత్రమైన స్థాయికి తీసుకుపోయింది. 1989 నాటి ప్రమాణం ప్రకారం ఎనమ్ టైపు పేరు ట్యాగుల కోసం కేటాయించిన ప్రత్యేక నామావళిలో ఉంటుంది. ఆ టైపును ప్రస్తావించిన ప్రతిసారీ ముందు ఎనమ్ అన్న కీవర్డు రాయాలి, లేదా టైప్‌డెఫ్‌తో మారుపేరు పెట్టుకోవాలి. విలువల పేర్లు మాత్రం వేరియబుళ్లు, ఫంక్షన్లు తిరిగే మామూలు నామావళిలోకి వచ్చి పడతాయి. రక్షణ అక్కరలేని పేరు ఇంట్లో తాళం వేసుకుని కూర్చుంటే, అది అవసరమైన పేర్లు వీధిలో నిలబడ్డాయన్నమాట. ఫలితంగా సి ప్రోగ్రామర్లు రంగు_ఎరుపు, దీపం_ఎరుపు అన్న ధోరణిలో ప్రతి పేరుకూ ఉపసర్గ తగిలించడం అలవాటు చేసుకున్నారు. ఈ అలవాటును క్రమశిక్షణగా మెచ్చుకునేవారున్నారు గాని, నిజానికి అది సింటాక్స్ చేయవలసిన పనిని చేతితో చేయడం.

సి++ 2011 ప్రమాణంలో ఈ తప్పును దిద్దుకుంది. 'ఎనమ్ క్లాస్' అని ప్రకటిస్తే పేర్లు టైపు లోపలే ఉంటాయి, పూర్ణాంకాలుగా వాటంతట అవి మారవు. అందులో క్లాసు లక్షణాలేవీ లేకపోయినా ఆ కీవర్డునే తిరిగి వాడుకున్నారు. కొత్త కీవర్డు తెస్తే, దాన్ని అప్పటికే పేరుగా వాడుతున్న పాత ప్రోగ్రాములు చెడతాయి. 2004లో వెలువడిన జావా 5 ఎనమ్‌ను కీవర్డు చేసినప్పుడు, ఆ పేరుతో వేరియబుళ్లు ఉన్న ప్రోగ్రాములన్నిటికీ ఆ దెబ్బ తగిలింది. అయితే సి++ వేసిన తాళం వల్ల ప్రతి చోటా పూర్తి పేరు రాయవలసి వచ్చింది. 2020 ప్రమాణం 'యూజింగ్ ఎనమ్' ద్వారా, కోరినచోట ఆ పేర్లను మళ్లీ బయటికి తెచ్చుకునే వీలు కల్పించింది. పేరు వీధిలో ఉంటే గందరగోళం, ఇంట్లో ఉంటే విసుగు.

ఈ చరిత్రలో మిక్కిలి నిర్మొహమాటమైన విమర్శ విర్త్ స్వయంగా చేసినదే. మాడ్యులా-2 నుంచి ఒబెరాన్‌కు వచ్చేటప్పుడు ఆయన ఎన్యూమరేటెడ్ టైపులను పూర్తిగా తొలగించి, 1988లో తన కారణాలను వివరించాడు. ఒక మాడ్యూల్‌లో ప్రకటించిన జాబితాను మరో మాడ్యూల్‌లో పొడిగించడం సాధ్యం కాదు. విచక్షణ లేకుండా వాడిన ఎనమ్‌లు స్పష్టతకు బదులు శబ్దాడంబరాన్ని పెంచాయి. టైపు పేరును దిగుమతి చేస్తే దాని విలువల పేర్లన్నీ వెంట రావాలన్న మినహాయింపు నియమం భాష సరళతను దెబ్బతీసింది. వీటిలో మొదటి కారణం బలమైనదేమీ కాదు. జాబితా మూసి ఉండటమే ఎనమ్ ప్రయోజనం; పరుషాల్లో ఆరో వర్ణాన్ని ఎవరు పడితే వారు చేరిస్తే ఆ సంజ్ఞకు విలువేముంటుంది? మూడో కారణం మాత్రం గట్టిది. విలువల పేర్లు టైపుకు చెందినవని పాస్కల్ సింటాక్స్ చెప్పలేదు గనుకనే మాడ్యులా-2కు ఆ మినహాయింపు అవసరమైంది. విర్త్ ఆ విషయాన్ని పేర్ల నివాసానికి సంబంధించిన దోషంగా కాక, భావనలోని దోషంగానే పరిగణించినట్లు కనిపిస్తుంది.

3. విలువా, కొత్త పేరా?

ఏడా భాష 1983లోనే మరో దారి పట్టింది. ఒకే పేరు రెండు టైపుల్లో ఉండవచ్చు, ఏది ఉద్దేశించారో సందర్భాన్ని బట్టి కంపైలర్ నిర్ణయిస్తుంది. 'ప' పరుషాల్లోనూ ఓష్ఠ్యాల్లోనూ ఉన్నట్టే ఇదీ. వ్యాకర్తకు అభ్యంతరం లేనిది కంపైలర్‌కు ఎందుకుండాలి? సందర్భం చాలకపోతే టైపు పేరును ముందు చేర్చి స్పష్టం చేయాలి.

నమూనా సరిపోల్చే భాషల్లో చిక్కు మరింత లోతైనది. స్టాండర్డ్ ఎమ్ఎల్‌లో ఒక శాఖకు ముందు నీలం అని రాస్తే అది జాబితాలోని విలువ కావచ్చు, లేదా ఏ విలువనైనా పట్టుకునే కొత్త వేరియబుల్ కావచ్చు. రెంటికీ రూపం ఒకటే. చివరి శాఖలో నీలంకు బదులు పొరపాటున నిలం అని పడితే, ఆ శాఖ మిగిలిన విలువలన్నిటినీ మింగేస్తుంది. కంపైలర్ దానిని తప్పుగా గుర్తించదు. రేపు జాబితాలో పసుపు చేరినా అదీ అక్కడికే చేరుతుంది. ఒక విలువను మరచిపోతే కంపైలర్ హెచ్చరించాలన్న ఆశయంతో పుట్టిన సదుపాయం ఒక దీర్ఘం లోపించడంతో నిరుపయోగమవుతోంది.

హాస్కెల్ దీనికి చూపిన పరిష్కారం పెద్ద అక్షరం. విలువను నిర్మించే పేరు పెద్ద అక్షరంతో, వేరియబుల్ చిన్న అక్షరంతో మొదలుకావాలి. చదువరికి, కంపైలర్‌కు ఒకేసారి తెలిసిపోతుంది. రోమన్ లిపిలో ఇంతకంటె చవకైన గుర్తు లేదు.

4. లిపి అడిగే ప్రశ్న

తెలుగు లిపిలో పెద్ద అక్షరాలు లేవు. అందువల్ల హాస్కెల్‌లో ఎరుపు అన్న పేరు ఎన్నటికీ విలువ కాలేదు. గో భాషలోనూ పెద్ద అక్షరంతో మొదలైన పేరే ప్యాకేజీ బయటికి వెళ్తుంది. పైగా అక్కడ పేరులో అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప సంయోజక చిహ్నాలకు చోటు లేదు గనుక, గుణింతపు గుర్తులున్న నీలం అసలు పేరుగానే చెల్లదు. రూపకర్తల దృష్టిలో ఇది చిన్న అసౌకర్యం. మాతృభాషలో ప్రోగ్రామింగ్ బోధించాలనుకునే అధ్యాపకునికి మాత్రం తలుపు మూసివేయడమే.

2014లో వచ్చిన స్విఫ్ట్ ఈ పనిని చుక్కకు అప్పగించింది. సందర్భం నుంచి టైపు తెలిసినచోట .ఎరుపు అని రాస్తే చాలు. కొత్త వేరియబుల్ కావాలంటే 'లెట్' అని వేరుగా చెప్పాలి. రెండు అర్థాలకు రెండు రూపాలు. 2016 నాటి స్విఫ్ట్ 3లో ఎనమ్ విలువలను పెద్ద అక్షరంతో మొదలుపెట్టే సంప్రదాయాన్ని వదిలి చిన్న అక్షరానికి మారడం గమనార్హం. చుక్క ఉన్నాక పెద్ద అక్షరంతో పనిలేదని దాని అర్థం. గుణింతాలతో సహా తెలుగు పేర్లను ఆ భాష అంగీకరిస్తుంది కూడా. దీనిలో లోపం లేకపోలేదు. చుక్కను చూసిన చదువరికి అదొక విలువ అని తెలుస్తుంది గాని, ఏ టైపు విలువో తెలియదు. ఫంక్షన్ ప్రకటన వేరే ఫైలులో ఉంటే అక్కడికి వెళ్లి వెదకాలి. ఏడాలోనూ ఈ కష్టమే ఉంది, ఆనవాలుగా చుక్కయినా లేకుండా.

తెలుగు తరగతి గదులకు దగ్గరలో ఉన్న ఉదాహరణ పైథాన్. 2021లో వచ్చిన 3.10 కూర్పులోని మ్యాచ్ నిర్మాణంలో చుక్క ఉన్న పేరు విలువ, చుక్క లేనిది కొత్త వేరియబుల్. రంగు.ఎరుపు అని తెలుగులో రాసిన శాఖ సరిగ్గా పనిచేస్తుంది. టైపు పేరు వదిలి ఎరుపు అని మాత్రమే రాస్తే, అది చివరి శాఖ కానప్పుడు దోషమని పైథాన్ ఆపుతుంది. చివరి శాఖ అయితే ఏమీ అనదు.