పటంలో రాగి చుక్క

పాఠ్యపుస్తకాల ఖనిజపటాలలో ఒక చుక్క పెట్టి, ప్రక్కన రాగి అని వ్రాయడం పరిపాటి. అక్కడ గని ఉన్నదని విద్యార్థి నమ్ముతాడు. తప్పు అతనిది కాదు, పటానిది.

గుడుపల్లె ప్రాంతంలోని చిగురుగుంటనే చూడండి. సుమారు 270 కోట్ల ఏండ్లనాటి కోలారు శిలాపట్టీకి ఇది దక్షిణభాగం. పలుగురాతి సిరలలో బంగారంతోపాటు గంధకంతో కూడిన ఖనిజాలున్నవి; చాల్కోపైరైటు వాటిలో ఒకటి. శుద్ధమైన చాల్కోపైరైటులో నూటికి 34.6 పాళ్లు రాగియే! ఈ అంకె చూచి మురిసిపోరాదు; శిలలో ఆ ఖనిజం పాలు స్వల్పం. భారత్ గోల్డ్ మైన్సు సంస్థ 2001లో మూతపడకముందు ఇక్కడ తవ్వినది బంగారం కొరకే.

ఖనిజం వేరు, గిట్టుబాటయ్యే ముడిఖనిజం వేరు. నూటికి ఒక పాలు రాగి ఉన్న శిల టన్నుకు 10 కిలోలే ఇస్తుంది. చుక్క ప్రక్కన ఆ పాలు కూడ వ్రాయడానికి పటంలో చోటు లేకపోలేదు.